తీసేస్తే పోలా!

ఈ మధ్య మన ఇళ్ళల్లో 'తీసేస్తే పోలా' అనే వైద్యం ఒకటి బాగా ప్రచారంలోకి వచ్చింది. పన్ను పోటుగా ఉందా? పీకేస్తే పోలా! వేపాకు రాలి పెరడంతా చెత్తవుతోందా? చెట్టు కొట్టించేస్తే పోలా! మా మేనత్త కొడుకు ఒకాయన ఫ్యాను రెగ్యులేటరు వేడెక్కుతోందని ఊడదీయించాడు. ఇప్పుడు పుష్యమాసంలో కూడా ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూంటే రగ్గు ముసుగుతన్ని పడుకుంటున్నాడు. "హాయిగా ఉంది, గోల వదిలింది" అంటాడు పళ్ళు కొరుకుతూ.

ఈ వైద్యంలో ఉన్న సుఖం ఏమిటంటే, రోగం ఎందుకొచ్చిందని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఉన్నది ఊడదీస్తే చాలు. మళ్ళీ పెట్టడానికి నేర్పు కావాలి గాని, తీసెయ్యడానికి ఏం కావాలి? ఒక కత్తో, గొడ్డలో ఉంటే సరి.

ఇప్పుడీ వైద్యం కార్ల దాకా వచ్చింది. కారు కింద, ఇంజనుకీ సైలెన్సరుకీ నడుమ, పొగగొట్టంలో ఒక బొద్దు డబ్బా ఉంటుంది. పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. దాన్ని కోసి పారేస్తే బండికి మైలేజీ పెరుగుతుందనీ, పికప్ వస్తుందనీ, పైగా పాత డబ్బాకి డబ్బులు కూడా ముడతాయనీ మెకానిక్ షెడ్లలో చెబుతూంటారు. "కార్ల గొడవ మనకెందుకు వదినా, మొగవాళ్ళు చూసుకుంటారులే" అనకండి. ఇంట్లో డబ్బు ఏ గొట్టంలోంచి పోయినా అది మన డబ్బే. పొగ ఏ గొట్టంలోంచి వచ్చినా పీల్చేది మనమూ మన పిల్లలూనే.

మాది 2014లో కొన్న పెట్రోలు కారు. ఒక పెళ్ళీ, రెండు గృహప్రవేశాలూ, లెక్కలేనన్ని ఆసుపత్రులూ చూసిన కారు. ఆ మధ్య దానికి ఆయాసం పట్టుకుంది. దుర్గగుడి ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు కొండ మెట్లెక్కుతున్న ముసలమ్మలా రొప్పడం మొదలెట్టింది. లీటరుకి పదహారు కిలోమీటర్లు నడిచేది కాస్తా పన్నెండుకి దిగింది. ఎదురుగా డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగి కూర్చుంది.

"అదేమిటండీ?" అన్నాను.

"అదంతే. అప్పుడప్పుడు వెలుగుతుంది" అన్నారు మావారు. దీపం ఎక్కడ వెలిగినా శుభమేనని ఆయన నమ్మకం.

అసలు సంగతి కనిపెట్టింది మా అత్తగారు. ఎనభై ఏళ్ళొచ్చినా ఆవిడ ముక్కు మాత్రం ఇంకా పాతికేళ్ళదే. "ఏరా, ఈ బండి చుట్టూ కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతోందేమిట్రా?" అన్నారు కారు దిగుతూనే. మా ఇంట్లో గుడ్డన్నది గడప తొక్కి ఎరగదు. కుళ్ళిన గుడ్డు కంపు ఆవిడకెలా తెలిసిందో అడిగే ధైర్యం మాకెవ్వరికీ లేదు. కాని ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని తరవాత తేలింది. పెట్రోలు సరిగ్గా కాలకుండా పొగగొట్టంలోకి పోతూంటే, ఈ కన్వర్టర్‌లో సరిగ్గా ఆ కంపే పుడుతుందిట. అంటే మా అత్తగారు ముక్కుతో చెప్పిన జబ్బునే ఆ పసుపు దీపం కూడా చెబుతోందన్నమాట. ఇద్దరినీ మావారు సమానంగా నిర్లక్ష్యం చేశారు.

చివరికి బండి ఆటోనగర్లో ఒక షెడ్డుకి చేరింది. బజారు పని ఉండి నేనూ వెంట వెళ్ళాను. మెకానిక్ అబ్బాయి కారు కిందికి దూరి, రెండు నిమిషాల్లో బయటికొచ్చి తీర్పు చెప్పేశాడు.

"సైలెన్సర్ ముందు జల్లెడ ఉంటుంది సార్. అది పూడిపోయింది. కొత్తది కంపెనీలో ముప్ఫై ఎనిమిది వేలంటారు. మనకెందుకు సార్ ఆ ఖర్చు? కోసేసి ఖాళీ పైపు వెల్డింగ్ పెట్టేస్తాను. పదిహేను వందలివ్వండి. పాత ముక్క నేనే ఐదు వేలకి తీసుకుంటాను."

"మరి పొల్యూషన్ సర్టిఫికెట్టో?" అన్నాను.

"అది నేను చూసుకుంటానమ్మగారూ."

"ఈ పసుపు దీపం?"

"దానికీ ఉపాయముందమ్మా. వెనకాల సెన్సరుకి చిన్న ముక్క అడ్డం పెడితే, అంతా బాగానే ఉందనుకుంటుంది."

జ్వరం తగ్గించడం చేతకాక థర్మామీటరుకి మాయమాటలు చెప్పడమంటే ఇదే కదా అనుకున్నాను.

మావారి మొహం మాత్రం వెలిగిపోయింది. అక్కడికక్కడే లెక్క వేసేశారు. కొత్తది కొనకపోవడం వల్ల మిగిలింది 38,000. పాతది అమ్మితే కూలి పోను చేతికొచ్చేది 3,500. వెరసి 41,500 రూపాయల లాభం! ఆషాఢం డిస్కౌంట్లలో రెండు వేల చీర వెయ్యికి కొని 'వెయ్యి మిగిల్చానండీ' అంటే పాతికేళ్ళుగా నవ్వుతున్న మనిషి ఆయనే సుమండీ! ఖర్చు పెట్టని డబ్బుని లాభం కింద రాసుకోవడం ఆడవాళ్ళ లెక్క అనేవారు. ఆ రోజుతో అది మొగవాళ్ళ లెక్క కూడా అయింది.

"రేపు చెబుతాంలే బాబూ" అన్నాను. ఇల్లాలికి 'రేపు' అన్న మాట చాలా మంచి ఆయుధం. వద్దన్నట్టూ ఉండదు, సరేనన్నట్టూ ఉండదు.

నాకు పట్టుకున్న సందేహం ఒక్కటే. పూడిపోయిన పనికిమాలిన జల్లెడైతే, అతను ఐదు వేలు ఎదురెందుకిస్తాడు? పాత పేపర్లవాడు కూడా పనికొచ్చేదైతేనే కదా తక్కెడలో వేసేది!

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే, ఆ బొద్దు డబ్బాలో పెద్ద సంసారమే బయటపడింది.

లోపల ఉండేది జల్లెడ కాదు. తేనెపట్టులా సన్నసన్నని గదులున్న పింగాణీ దిమ్మె. ఆ గదుల గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే మూడు లోహాలు పలచగా పూసి ఉంటాయి. మొత్తం కలిపితే కొద్ది గ్రాములే, మన ముక్కుపుడకలకీ దుద్దులకీ సరిపోయేంత. కాని వాటి పనితనం చూడాలి. అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య పనితనం. పేరయ్య ఆడపిల్లవారినీ మగపిల్లవారినీ ఒకచోట కూర్చోబెడతాడు, సంబంధం కుదురుస్తాడు, పప్పన్నం తిని మళ్ళీ గొడుగు చంకన పెట్టుకుని ఇంకో ఊరు పోతాడు. పెళ్ళయింది వాళ్ళకి, ఆయన మాత్రం ఎలా వచ్చాడో అలాగే ఉన్నాడు. ఈ లోహాలూ అంతే. ఇంజనులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి ఆక్సిజన్‌ని జతచేసి కార్బన్ డయాక్సైడుగా మారుస్తాయి. కాలని పెట్రోలు ఆవిరిని నీటి ఆవిరిగానూ కార్బన్ డయాక్సైడుగానూ చేస్తాయి. నైట్రోజన్ ఆక్సైడ్లకి విడాకులిప్పించి, నైట్రోజన్‌ని ఒంటరిగా గాలిలోకి పంపించేస్తాయి. ఇంత చేసీ తాము తరగవు. మూడు రకాల విషాన్ని ఒకేసారి మారుస్తుంది కాబట్టి దీన్ని త్రీ-వే కన్వర్టర్ అంటారు.

ఇందులో కార్బన్ మోనాక్సైడు సంగతి మన అమ్మమ్మలకి పేరు తెలియకపోయినా బాగానే తెలుసు. బాలింతరాలి గదిలో కుంపటి పెట్టి, "తలుపు వేస్తే వేశారుగాని, కిటికీ మాత్రం కాస్త తెరిచి ఉంచండే" అని అరిచేవారు. రంగూ వాసనా లేని ఆ వాయువు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు పైగా గట్టిగా రక్తాన్ని అంటిపెట్టుకుంటుంది. పడుకున్న మనిషి పడుకున్నట్టే పోతాడు.

ఈ కన్వర్టర్ కథ మొదలైన చోటు అమెరికాలోని లాస్ ఏంజెలెస్. అక్కడ 1940లలో కళ్ళు మండించే పొగమంచు ఊరిని కమ్మేసింది. దాని గుట్టు విప్పినాయన హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. అంతకు ముందు ఆయన చేస్తున్న పరిశోధన దేనిమీదనుకున్నారు? అనాసపండు వాసన మీద! పండులోంచి గుమగుమ ఎలా వస్తుందో పట్టుకున్న పనిముట్లతోనే ఊరిగాలిలో కంపెక్కడిదో పట్టుకున్నాడు. కాలని పెట్రోలు ఆవిరీ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండ తగిలి కలిసి వండుతున్న వంటే ఆ పొగమంచు అని 1950 ప్రాంతాల్లో తేల్చాడు. ఆ పొగకి విరుగుడుగా యూజీన్ హూద్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు కన్వర్టర్ తయారు చేసి, 1956లో పేటెంటు పొందాడు. కాని ఆ రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం ఆ లోహాల మీద పొరలా పేరుకుని వాటిని చంపేస్తుంది. అందుకని పాపం ఆయన కన్వర్టర్ కార్లకెక్కలేదు. 1970లో అక్కడ గాలి శుభ్రత చట్టం గట్టిపడ్డాక, 1975 మోడల్ కార్లతో కన్వర్టర్లు వచ్చాయి. వాటి కోసమే సీసం లేని పెట్రోలూ వచ్చింది.

మన దేశంలో 1995 ఏప్రిల్ 1న బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి దీన్ని తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం పెట్రోలు మానేశాం. సీసం పసిపిల్లల మెదడుని దెబ్బతీసే విషం. అది పెట్రోలులోంచి పోవడానికి ఒక కారణం ఈ డబ్బా అంటే, దీనికి మనం ఒక కొబ్బరికాయ కొట్టినా తప్పులేదు.

ఇక ఐదు వేల రహస్యం. ఆ మూడు లోహాల్లో రోడియం అనేది 2021లో ఒక దశలో ఔన్సు ఇరవై తొమ్మిది వేల డాలర్ల దాకా పోయింది. అప్పటి బంగారం ధరకి పదిహేను రెట్లు పైమాటే. తరవాత బాగా దిగిందనుకోండి. ఈ ముక్క చదివి వినిపిస్తే మావారు సరదాకి, "అయితే నువ్వూ మన ఇంటికి కన్వర్టర్‌వేనోయ్. అందరి వేడీ నువ్వే పుచ్చుకుని చల్లబరుస్తావు" అన్నారు. "దానికి లోపల రోడియం ఉందిట. నాకు చేతికి రెండు గాజులే ఉన్నాయి" అన్నాను. అంతటితో పొగడ్త ఆగిపోయింది.

మా ఆడపడుచు కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది. 2021లో ఒక పొద్దున్న ఆఫీసుకని కారు తీస్తే, ఇసకలారీలా బొబ్బ పెట్టిందిట. కిందికి వంగి చూస్తే పొగగొట్టం మధ్యలో ఖాళీ. రాత్రికి రాత్రి దొంగలు జాకీ పెట్టి కోసుకుపోయారు. దానిది హైబ్రిడ్ కారు. అలాంటి వాటిలో ఇంజను తక్కువసేపు తిరుగుతుంది కాబట్టి లోహం ఎక్కువ మిగిలి ఉంటుందని దొంగలకి గురి ఎక్కువట. ఆ దేశంలో నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో లెక్కల ప్రకారం ఈ దొంగతనాలకి 2019లో వచ్చిన ఇన్సూరెన్స్ క్లెయిములు మూడున్నర వేల లోపు. 2021లో యాభై రెండు వేలు దాటాయి.

మా షెడ్డు సంగతి చెబితే ఆ పిల్ల ఫోనులో పడీపడీ నవ్వింది. "ఇక్కడ దొంగలు అర్ధరాత్రి ప్రాణాలకి తెగించి కోసుకుపోతారు అత్తయ్యా. అక్కడ మీరే పగటిపూట బండి తీసుకెళ్ళి, కోసినందుకు కూలి కూడా ఇచ్చి వస్తారా?" అంది.

ఆ మాటకి మావారు కూడా నవ్వారు. ఆయన నవ్వారంటే సగం పని అయినట్టే.

మిగిలిన సగం వంటింట్లో అయింది. మా సింకులో నీళ్ళు పోవడంలేదని పనమ్మాయి నాలుగుసార్లు చెప్పింది. చిల్లుల బిళ్ళ తీసేస్తే నీళ్ళు జర్రున పోతాయి, నిజమే. కాని ఆ బిళ్ళ మీదికి మెతుకులెందుకొస్తున్నాయి? కంచాలు ఊడ్చకుండా వేస్తున్నారు గనక. బిళ్ళది తప్పు కాదు, కంచాలవాళ్ళది. కన్వర్టర్ కూడా తనంతట తాను పూడదు. ఇంజనులో ఎక్కడో నిప్పురవ్వ సరిగ్గా పడక పెట్రోలు కాలకుండా వస్తే, ఆ పెట్రోలు కన్వర్టర్‌లో అంటుకుని, పింగాణీ తేనెపట్టు కరిగి ముద్దయిపోతుంది. ఇంజను నూనె తాగుతూంటే ఆ మసి పేరుకుంటుంది. అలా నిజంగా పూడితే పికప్ పోవడం, మైలేజీ పడిపోవడం ఉన్నమాటే. కాని అసలు జబ్బు అలాగే ఉంచి కన్వర్టర్ కొత్తది వేసినా అది మళ్ళీ కరుగుతుంది. కన్వర్టర్ పీకేస్తే ఇంజను జబ్బు ఎవరికీ కనపడకుండా ముదురుతుంది.

సింకుకీ కారుకీ ఒక్కటే తేడా. సింకు బిళ్ళ తీసేస్తే నెల తిరక్కుండా మన గొట్టమే పూడుతుంది, మన నెత్తికే చుట్టుకుంటుంది. కారు డబ్బా తీసేస్తే ఆ మెతుకులు పోయేది మన గొట్టంలోకి కాదు, ఎదుటివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి. అందుకే అది లాభంలా కనిపిస్తుంది. నష్టం పడేది వేరేవాళ్ళ ఖాతాలో కదా!

మర్నాడు ఇంకో షెడ్డుకి వెళ్ళాం. ఆయన కాస్త పెద్దాయన. కిందికి దూరలేదు. ముందు డాష్‌బోర్డు కింద అరచేతిలో పట్టే యంత్రం ఒకటి తగిలించి, "మూడో సిలిండర్‌లో నిప్పు పడటంలేదమ్మా" అన్నాడు. తరవాత ముందువైపు ఆక్సిజన్ సెన్సరు విప్పి, ఆ కంతలో ప్రెషర్ చూసే మీటరు బిగించి ఇంజను పరుగెత్తించాడు. ముల్లు ఉండవలసిన చోటే ఉంది. "కన్వర్టర్ పూడలేదు. ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే తిప్పి ఉంటే పూడేది" అన్నాడు. ఒక ఇగ్నిషన్ కాయిలూ, నాలుగు ప్లగ్గులూ, పనికూలీ కలిపి మూడు వేల ఆరు వందలైంది. దీపం ఆరిపోయింది. ఫ్లైఓవరు మీద ముసలమ్మ మళ్ళీ నడివయసు మనిషైంది. మా అత్తగారి ముక్కు కూడా శాంతించింది.

ఇప్పుడు నా పద్దు చూడండి. నెలకి ఐదు వందల కిలోమీటర్లు తిరుగుతాం. లీటరుకి పన్నెండు వచ్చినప్పుడు దాదాపు నలభై రెండు లీటర్లు పట్టేది. ఇప్పుడు పదిహేనున్నర వస్తోంది, ముప్ఫై రెండు లీటర్ల చిల్లర పడుతోంది. నెలకి తొమ్మిది లీటర్ల పైన మిగులు. నాలుగు నెలల్లో కాయిలు ఖర్చు రాబట్టుకున్నాం. ఇది కాగితం మీది లాభం కాదు, పెట్రోలు బంకులో మిగిలిన డబ్బు.

కన్వర్టర్ కోయించి ఉంటే? మంచి స్థితిలో ఉన్న దాన్ని తీసెయ్యడం వల్ల ఇప్పటి కార్లలో వచ్చే అదనపు బలం మనం కనిపెట్టలేనంత స్వల్పం. తొలిరోజుల్లో, 1970లలో, గుళికలు నింపిన కన్వర్టర్లు పొగకి బాగా అడ్డుపడేవి. ఆ నాటి మాట ఇంకా షెడ్లలో మిగిలిపోయింది. అందుకే ఆ మొదటి అబ్బాయి దొంగ అని నేననను, తనకి నేర్పినవాళ్ళు చెప్పిందే చెప్పి ఉంటాడు. మైలేజీ సంగతైతే అసలే పెరగదు. పెట్రోలు ఎంత పొయ్యాలో ఇంజనుకి చెప్పే సెన్సరు కన్వర్టర్‌కి ముందుంటుంది. కోయడంలో అది గాని, దాని తీగ గాని దెబ్బ తిందా, పెట్రోలు ఇంకా ఎక్కువ తాగుతుంది. పైగా చప్పుడు, కంపు. చట్టం సంగతి సరేసరి. తయారీదారు ఇచ్చిన రూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కాలుష్యం హద్దు దాటితే, 2019 సవరణ తరవాత 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు. 'నేను చూసుకుంటాను' అన్న మెకానిక్ మనతోపాటు జైలుకి రాడు కదా!

నిజంగానే పూడిపోయి ఉంటే ఏం చేసేదానివని మీరడగవచ్చు. ముందు అసలు జబ్బు బాగుచేయించి, తరవాత కొత్తది వేయించుకోవడమే. బయటి కంపెనీలవి చవకలో దొరుకుతాయి. కాని వాటిలో లోహం పూత తక్కువ, ఆయువూ తక్కువ. చవక దుద్దులకి బంగారు పూత ఎంతుంటుందో మనకి తెలియనిదా? ముప్ఫై ఎనిమిది వేలు మాబోటి వాళ్ళకి చిన్న మొత్తం కాదు. ఆ పరిస్థితి వస్తే ఒక చిట్టీ పాడి అయినా వేయిద్దును. ఎందుకో చెబుతాను.

మా అపార్టుమెంట్లో కింది అంతస్తంతా పార్కింగే. ఆ మూల, మెట్ల పక్కన వాచ్‌మన్ గది. భార్యా భర్తా ఇద్దరు పిల్లలూ ఆ ఒక్క గదిలోనే. కిటికీ తీస్తే కార్లే. పొద్దున్న ఏడింటికి ఒక్కొక్క కారే 'బుర్రు'మంటుంది. చిన్నపిల్ల అప్పటికి కిటికీ కింద చాప మీద కూచుని ఎక్కాలు వల్లెవేస్తూంటుంది. మా కారు పొగగొట్టానికీ ఆ పిల్లకీ నాలుగు బారల దూరం. మావారు వేసిన 41,500 లాభంలో ఆ పిల్ల పేరు ఎక్కడా లేదు. మెకానిక్ చెప్పిన చవకంతా ఎవరి ఖాతాలోంచి వస్తోందో నాకు అక్కడ నిలబడి చూస్తేనే అర్థమయింది.

ఇంకో మాట కూడా తెలిసింది, దాచనక్కర్లేదు. కన్వర్టర్ ఉన్నంతమాత్రాన అంతా శుభం కాదు. దానికి పని మొదలెట్టాలంటే రెండు వందల యాభై, మూడు వందల డిగ్రీల వేడెక్కాలి. బండి స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో అది చల్లగా ఉంటుంది, పేరయ్య ఇంకా నిద్ర లేవడు. వచ్చే పొగంతా వచ్చినట్టే వస్తుంది. అంటే ఏసీ చల్లబడాలని కారు నిలబెట్టి ఇంజను తిప్పుతూ కూచునే పది నిమిషాల్లో మొదటి నిమిషాల పాపమంతా ఆ గదిలోకే పోతోంది.

అందుకని పోయిన నెల అసోసియేషన్ మీటింగులో రెండు తీర్మానాలు ప్రతిపాదించాను. ఆ గది ముందున్న నాలుగు కార్లూ తోక బయటివైపు ఉండేలా పెట్టాలి. స్టార్టు చేశాక పార్కింగులో నిలబెట్టకుండా వెంటనే బయటికి తీసెయ్యాలి. మూడో అంతస్తు రిటైర్డు ఇంజనీరుగారు, "వెనక్కి తీయడం కష్టమమ్మా, దానికంటే వాచ్‌మన్ కిటికీ మూసేయిస్తే పోలా?" అన్నారు.

"మూయించండి. కాకపోతే ఆ గదిలో వారం రోజులు మీరు పడుకోండి" అంది ఐదో అంతస్తు లెక్చరరమ్మ. ఇంకెవరూ మాట్లాడలేదు. తీర్మానం నెగ్గింది.

మొన్నటినించీ మావారు కారుని గది ముందు తోక తిప్పి పెడుతున్నారు. రెండుసార్లు స్తంభానికి గీసుకుంది. ఆ గీతల ఖర్చు కూడా పద్దులో రాశాను.